జాకీలు తీసే రోజు
తిప్పాపూర్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం పదో ప్యాకేజీ కోసం తవ్విన సర్జ్‌పూల్ (పంపులకు నీరందించే బావి) లోతు సుమారు 92 మీటర్లు. ముప్పై అంతస్తుల మేడను అందులో నిలబెట్టవచ్చు. చూడబోయినవాళ్లు పంపుల మెగావాట్ల గురించి చెప్పుకుంటారు గానీ, అలాంటి కట్టడాల్లో కాంక్రీటు గట్టిపడేదాకా పట్టి నిలిపే సెంట్రింగ్ ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తడానికి అది అక్కడ ఉంటేగా! పని కాగానే విప్పి లారీ ఎక్కిస్తారు. పచ్చి కాంక్రీటు నీళ్లకన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. మూడు మీటర్ల గోడను ఒక్క బిగిన పోస్తే అడుగున ఉన్న సెంట్రింగ్ పలక మీద చదరపు మీటరుకు ఏడు టన్నులదాకా తోపుడు పడుతుంది. అందుకే పెద్ద పనుల్లో గంటకు ఎంత ఎత్తు పోయాలో కూడా ముందే లెక్క కడతారు. నా గొడవ మాత్రం గల్లీల్లో లేచే మన ఇళ్లతోనే. సిరిసిల్లలోనైనా కోరుట్లలోనైనా స్లాబు కింద ఆసరాగా నిలిపే జాకీలు తీసే రోజును తేల్చేది చాలాసార్లు వాటి కిరాయి, లేదంటే మేస్త్రీకి తగిలిన మరో స్లాబు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మాత్రం మామూలు సిమెంటుతో పోసిన, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లలోపు ఉన్న స్లాబుకు కనీసం 7 రోజులు, అది దాటితే 14, ఆరు మీటర్లు మించిన దూలానికి 21 రోజులు ఆగమంటుంది. ఐదంగుళాల స్లాబే చదరపు మీటరుకు 300 కిలోల పైమాటే. ఆపైన ఇటుకలు పేర్చేస్తాం. కిరాయి రోజుకింత అని కాక స్లాబుకింత అని ముందే మాట్లాడుకుంటే ఇంటాయన మేస్త్రీని తొందరపెట్టడు. జాకీ కింద ఇటుక ముక్క కాదు, వెడల్పు చెక్క వేయమని అప్పుడే అడగొచ్చు.