80 రోజుల భయం

"ఇంగొక కంపెనీలో రెండు వేలు ఎక్కువిస్తామంటాండారు. మా అత్త వద్దంటాది. పిల్లోల కోసం మందులు మింగేటప్పుడు కంపెనీ మారితే కాన్పు లీవు రాదంట, నిజమేనాక్కా?"

హిందూపురంలో గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఒక స్త్రీ నన్నడిగిన ప్రశ్న ఇది. రెండేళ్లుగా ఆమె గర్భం కోసం చికిత్స తీసుకుంటోంది. ఆ రెండేళ్లలో ఆమె భర్త రెండు ఉద్యోగాలు మారాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

గర్భం గురించీ, కాన్పు గురించీ, బలవంతపు ఆపరేషన్ల గురించీ మనం చాలా మాట్లాడాం. బిడ్డ కోసం ఎదురుచూసే నెలల గురించి, ఒక్కోసారి ఏళ్ల గురించి, దాదాపు మాట్లాడలేదు. స్త్రీ తన పనిని ఉన్నచోటే ఆపేసుకునేది ఆ కాలంలోనే.

ఇంతకీ ఆమె విన్నది నిజమేనా? 1961 ప్రసూతి సౌకర్యాల చట్టం ప్రకారమైనా, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారమైనా, ప్రసవానికి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భం 280 రోజులు. కొత్తచోట చేరిన నెలలోనే గర్భం వచ్చినా, మూడో నెలతో చేరినా, పనిలో ఉండనిస్తే 80 దాటుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఇ.ఎస్.ఐ.లో ఉన్నవారికి లెక్క వేరు. కాన్పుకు ముందటి రెండు చందా కాలాల్లో, అంటే రెండు అర్ధసంవత్సరాల్లో, కలిపి 70 రోజుల చందా ఉండాలి. అది ఒకే యజమాని దగ్గర కానక్కరలేదు. పాత ఇన్సూరెన్స్ నంబరే కొత్త కంపెనీలో ఇవ్వాలి. కొత్త నంబరు తీయిస్తే పాత రోజులు లెక్కలోకి రాకుండా పోతాయి. మన కార్యకర్తలు ముందుగా చెప్పాల్సింది ఈ ఒక్క మాట.

ఈ విషయంలో నాకు పెద్దరికం లేదు. ముప్పై ఆరేళ్ల వయసులో, చికిత్స మధ్యలో, ఒక మంచి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్నాను. చట్టం చదవగలిగిన దాన్నే, చదవలేదు. తోటి ఉద్యోగిని చెప్పింది నమ్మాను.

"పనిలో ఉండనిస్తే" అన్నాను కదా, అసలు చిక్కంతా అక్కడుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాయి, చదువుకున్న అమ్మాయిలకు ఆశ పుట్టింది. ఇక్కడనే కాదు, ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా పెళ్లయిందా, పిల్లలెప్పుడు అని అడిగితే ఏం చెప్పాలన్నది వాళ్ల మొదటి బెంగ. ప్రొబేషన్, కాంట్రాక్టు గడువు అనే మాటలు చాలు, కారణం చెప్పకుండా పంపేయడానికి. దినకూలి స్త్రీలకూ ప్రసూతి హక్కు ఉందని ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికుల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ఆ సౌకర్యం ఆగదని 2023లో కవితా యాదవ్ కేసులో చెప్పింది. ఆమె డాక్టరు, సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది.

అదే రైలు మార్గంలో ఉన్న ధర్మవరంలో ఈ లెక్కలేవీ పనికిరావు. పట్టుచీర నేసే ఇంట్లో కండెలు చుట్టే స్త్రీకి యజమాని ఎవరు? షావుకారు కూలి ఇచ్చేది చీరకు, అదీ భర్త చేతికి. ఆమె పనిచేసిన రోజులు ఏ రిజిస్టరులోనూ లేవు. మొదటి కాన్పుకు మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు, అంతే. మగ్గం వదిలి గార్మెంట్స్‌కు పోతే చందా పుడుతుంది, రోజులు లెక్కకొస్తాయి. కానీ బిడ్డ కోసం చూస్తున్న కోడల్ని రైలెక్కి పనికి పోనిచ్చే ఇల్లు ఎన్ని?

చివరగా మన సంగతి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థల్లోనూ ఉద్యోగాలు 11 నెలల కాంట్రాక్టు మీదే నడుస్తున్నాయి, మధ్యలో ఒక నెల విరామం. నేను సభ్యురాలిగా ఉన్న ఒక కమిటీలో ఆ విరామం తీసేయమని రాసి ఇచ్చాను. నిధులిచ్చేవారు ఒప్పుకోరన్నారు. వాళ్లను ఎవరైనా అడిగారా అంటే, లేదన్నారు.