ముందు స్టాండు వెయ్యండి సార్!

"అక్కడేముంది బాస్, ఒట్టి తుప్పలు!" గచ్చిబౌలిలో ఫ్రెండు ఫ్లాట్ బాల్కనీలోంచి కంచ గచ్చిబౌలిని చూసి మా మణికొండ కొలీగ్ ఇచ్చిన తీర్పిది. చేతిలో పదింతల బైనాక్యులర్స్. చూసింది అరనిమిషం. ఒళ్ళు మండింది.

పదింతలు పెద్దగా చూపించే అద్దం చేతి వణుకుని కూడా పదింతలు చేస్తుందండీ. అందుకే అమెరికాలో వేటగాళ్ళు బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించి, కొండవాలుని ముక్కలు ముక్కలుగా గంటల తరబడి చూస్తారు. బొమ్మ కదలకపోతేనే గడ్డిలో చెవి విదిలింపు కంటికి ఆనేది. మన దగ్గర జింకని వేటాడితే 1972 చట్టం ప్రకారం నేరం (ఉండాల్సిందే). ఆ ఓపిక అరువు తెచ్చుకోడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు కదా?

2025 మార్చి చివర్లో ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. లేకపోతే "ఏమీ లేదు" అన్నమాట నిజమైపోయేది. మణికొండ గుట్టల్నీ ఒట్టి రాళ్ళే అన్నారు, ఇప్పుడు వాటి మీదే నేనూ ఇఎంఐ కడుతున్నా, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే అదే బాల్కనీలో ట్రైపాడ్ వేశా. నలభై నిమిషాలు నిజంగానే ఏమీ లేదు. తర్వాత, రాయి అనుకున్నది తల తిప్పింది. చుక్కల జింక!

చాలా బైనాక్యులర్స్‌కి ముందువైపు మధ్యలో చిన్న మూత ఉంటుంది. అది విప్పితే స్క్రూ పట్టే రంధ్రం. మా కొలీగ్ ఆ మూత ఇంతవరకూ విప్పలేదు.