సురభి సారథి బాబ్జీ

ఒక ఊరు నగరంలో కలిసేటప్పుడు ముందుగా రహదారులు వస్తాయి. వాటి వెంట విద్యాలయాలు, పరిశ్రమలు, నివాస సముదాయాలు వెలుస్తాయి. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలే ఇందుకు నిదర్శనం. పెద్ద చెరువుకు పేరుపొందిన శామీర్‌పేట పరిసరాలలో నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జినోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు నెలకొన్నాయి. బ్రతుకుతెరువుకు కావలసినవి ఇన్ని సమకూరిన చోట నాటకానికి కూడా కొంత చోటు ఉండవద్దా? ఉండి తీరాలని తన జీవితంతోనే చాటిన దర్శకుడు సురభి బాబ్జీ.

బాబ్జీ అసలు పేరు రేకందార్ నాగేశ్వరరావు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రదర్శించిన ‘కీచక వధ’తో సురభి నాటక చరిత్ర మొదలైంది. కుటుంబమే సమాజం, సమాజమే కుటుంబంగా సాగిన పరంపర అది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో సురభి స్త్రీలు రంగస్థలమెక్కారు. పసిబిడ్డలు సైతం తల్లి ఒడిలోనే తొలి పాత్ర ధరించేవారు. ఆ పరంపరలో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలికి బాబ్జీ సారథి అయ్యారు. నటుడిగా, దర్శకుడిగా, నిర్వాహకుడిగా ఆయన మోసిన బరువు ఒక్క నాటకానిది కాదు. నాటకమే జీవనాధారమైన అనేక కుటుంబాలది.

సురభి అనగానే ప్రేక్షకులకు ముందు గుర్తుకు వచ్చేది మాయాజాలం. ‘మాయాబజార్’లో ఘటోత్కచుని నోటిలోకి భక్ష్యాలు ఎగిరి వస్తాయి. నారదుడు ఆకాశం నుండి దిగివస్తాడు. యుద్ధరంగంలో బాణాలు ఎదురెదురుగా ఢీకొని నిప్పులు రాలుస్తాయి. వీటి వెనుక ఉన్నవి సన్నని తీగలు, చిత్రించిన తెరలు, కప్పీలు, తెరచాటున నిలిచిన మనుషుల చేతులు. తీగ లాగే చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే దేవుడు కూడా నవ్వులపాలవుతాడు. కనుక తెరముందు పద్యం పాడే నటునికి ఎంత సాధన కావాలో, తెరవెనుక తాడు పట్టిన వానికీ అంతే సాధన కావాలి. ఈ సమష్టి క్రమశిక్షణే సురభి దర్శకత్వానికి ప్రాణం.

ఇదంతా కనికట్టే గాని కళ కాదని, పాత పురాణాలనే పట్టుకొని వేలాడడమని ఆక్షేపించేవారు లేకపోలేదు. ఆ ఆక్షేపణలో కొంత నిజమున్నది. అద్భుతం మితిమీరితే పాత్ర మరుగున పడుతుంది. దీనికి బాబ్జీ మాటలతో గాక పనితో బదులిచ్చారు. 1990వ దశకంలో ప్రఖ్యాత కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులతో కలిసి పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలు ఆ కృషి ఫలితాలు. వీటిలో చివరిది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు తెలుగు రూపం. తరతరాల అనుభవం గలవారు మరొకరి ఎదుట విద్యార్థులుగా నిలవడం సామాన్య విషయం కాదు. అంతకంటె విశేషమేమనగా, కొత్తది నేర్చిన తరువాత కూడా వారు ‘మాయాబజార్’ను విడిచిపెట్టలేదు. సంప్రదాయాన్ని కాపాడడమంటే దానిని కదలకుండా బంధించడం కాదు. వేరును నిలుపుకొని కొత్త చిగురు వేయనివ్వడం.

2013లో భారత ప్రభుత్వం బాబ్జీని పద్మశ్రీతో గౌరవించింది. ఆ ఏడాదే సురభి బృందం ఫ్రాన్సులో ప్రదర్శనలిచ్చింది. 2022 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అయితే పురస్కారం కళాకారునికి గౌరవమే గాని అన్నం కాదు. చదువుకున్న సురభి బిడ్డలు ఉద్యోగాలకు వెళ్తే వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. త్యాగం చేయుమని కళాకారుని కోరే సమాజం, తాను టిక్కెట్టు కొని నాటకం చూడడానికి వెనుకాడితే ఆ కోరికకు విలువ ఏమున్నది?

సురభి వారు ఒకప్పుడు ఊరి వెలుపల డేరా వేసి, ఒకేచోట రోజుకొక నాటకం ఆడేవారు. ప్రేక్షకులున్న చోటికి నాటకమే నడిచి వెళ్ళేది. నేడు మేడ్చల్, శామీర్‌పేటల వంటి శివారులలో వేలాది విద్యార్థులు చదువుకొంటున్నారు. కళాశాలలు తమ ప్రాంగణాలలో ఏడాదికి ఒక్క వారమైనా నాటకానికి వేదిక ఇస్తే, విద్యార్థులు చిన్న రుసుము చెల్లించి చూస్తే, కళాకారునికి ఆధారం, యువతకు అభిరుచి రెండూ కలుగుతాయి. తెర మీద బొమ్మ ఎవరున్నా లేకున్నా ఆడుతుంది. నాటకం మాత్రం ఎదుట మనిషి కూర్చుంటేనే బ్రతుకుతుంది. ఆ మనిషి స్థానం ఖాళీగా మిగలకుండా చూడడమే బాబ్జీకి అర్పించదగిన నిజమైన నివాళి.