కోత లెక్క కుదిరితేనే గిట్టుబాటు

ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా నుంచి నాగారం మీదుగా కీసరకు వచ్చే దారిలో షిఫ్టు మారే వేళ కనిపించేవారిలో లేత్, మిల్లింగ్ పనివారు తక్కువేమీ కాదు. కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లోని చిన్న షెడ్లే వీరికి జీవనాధారం. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఈ పరిసరాల్లో వెలిసిన తర్వాత నగరానికి ఈ దిక్కున ఇంజనీరింగ్ పని పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు చేత్తో చక్రం తిప్పి ఇనుము కోసిన చోట నేడు కంప్యూటర్ అదుపులో నడిచే సి.ఎన్.సి. యంత్రాలు నిలబడి ఉన్నాయి. యంత్రం మారింది గాని, దానికి ఇచ్చే అంకెలు మాత్రం చాలాచోట్ల పాతవే. ఈ లోపం వల్ల ఇటు యజమాని, అటు కార్మికుడు ఇద్దరూ నష్టపోతున్నారు.

సి.ఎన్.సి. యంత్రానికి ప్రోగ్రాం రాసేవారు ప్రధానంగా మూడు అంకెలు నిర్ణయించాలి. లోహం మీద పనిముట్టు అంచు ఎంత వేగంతో నడవాలి అన్నది మొదటిది. ఒక చుట్టుకు పనిముట్టు ఎంత ముందుకు జరగాలి అన్నది రెండవది; దీనినే ఫీడ్ అంటారు. ఒక్కసారికి ఎంత లోతు కోయాలి అన్నది మూడవది. ఈ మూడూ కుదిరితే జాబ్ సకాలంలో, సరైన కొలతతో బయటకు వస్తుంది. కుదరకపోతే ఇన్‌సర్ట్ విరుగుతుంది, లేదా యంత్రం రోజంతా నడిచినా అద్దె, కరెంటు డబ్బులు కూడా రావు.

భయానికి మూల్యం

ప్రస్తుతం ఎక్కువ షెడ్లలో ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? పాత జాబ్ ప్రోగ్రాం నుంచో, వెనుకటి ప్రోగ్రామర్ అలవాటు నుంచో వస్తున్నాయి. ఆపైన ఆపరేటర్ భయం ఒకటి. ఇన్‌సర్ట్ విరిగితే చీవాట్లు తప్పవు. జాబ్ పాడైతే కొన్నిచోట్ల జీతంలో కోత కూడా పడుతుంది. అందువల్ల అతడు యంత్రం మీద ఉన్న నాబ్ తిప్పి ఫీడ్‌ను వందకు అరవైకో డెబ్బైకో తగ్గించి ఊపిరి పీల్చుకుంటాడు. అతడిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. నష్టం తన నెత్తిన పడుతుందనుకున్న మనిషి నెమ్మదిగానే నడుపుతాడు.

అయితే నెమ్మదిగా నడిపితే భద్రమన్న నమ్మకం ఎంతవరకు నిజం? దీనికి సమాధానం నూరేళ్ళ క్రితమే దొరికింది. అమెరికా ఇంజనీరు ఎఫ్.డబ్ల్యు. టేలర్ 26 ఏళ్ళపాటు ప్రయోగాలు చేసి, 8 లక్షల పౌండ్లకు పైగా ఇనుము, ఉక్కును పొట్టుగా మార్చి, 1906లో తన ఫలితాలను ఇంజనీర్ల సంఘం ముందుంచాడు. కోత మీద ప్రభావం చూపే అంశాలు 12 ఉన్నాయని ఆయన లెక్కతేల్చాడు. అంచు ఆయుష్షును అన్నిటికన్నా ఎక్కువగా తినేది వేగమేనని కూడా ఆ లెక్కలు చెప్పాయి. నేటి కార్బైడ్ ఇన్‌సర్ట్‌ల విషయంలో వేగాన్ని నూటికి 20 పెంచితే అంచు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఫీడ్ పెంచినప్పుడు నష్టం అంత తీవ్రంగా ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 200 మిల్లీమీటర్ల పొడవు గల ఉక్కు కడ్డీని నిమిషానికి 120 మీటర్ల వేగంతో, చుట్టుకు 0.2 మిల్లీమీటర్ల ఫీడ్‌తో ఒకసారి కోయడానికి సుమారు 79 సెకండ్లు పడుతుంది. వేగాన్ని 180కి పెంచితే 52 సెకండ్లు చాలు. కాని అంచు ఆయుష్షు అయిదో వంతుకు దిగజారుతుంది. వేగాన్ని 120 దగ్గరే ఉంచి, ఫీడ్‌ను 0.3కు పెంచినా అవే 52 సెకండ్లు! అంచు మాత్రం అంతగా అరగదు. కాకపోతే ఉపరితలం రెండింతలకు పైగా గరుకు దేలుతుంది, యంత్రంపై భారం పెరుగుతుంది. కాబట్టి తొలి కోతలో ఫీడ్ పెంచుకోవచ్చు, చివరి నునుపు కోతలో తగ్గించుకోవాలి. 500 కడ్డీల ఆర్డరులో ఈ ఒక్క కోత మీదనే మూడున్నర గంటలు మిగులుతాయి.

దీనిని బట్టి ఆపరేటర్ తిప్పుతున్న నాబ్ ఏమి చేస్తున్నదో గ్రహించవచ్చు. ఫీడ్ తగ్గించడం వల్ల అంచుకు కలిగే మేలు స్వల్పం. ఒక్కో జాబ్ మీద ఆ అంచు రుద్దుకునే సమయం మాత్రం పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో ఇది మరీ చేటు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్నటువంటి మందుల పరిశ్రమలకు కావలసిన యంత్ర భాగాలు ఎక్కువగా ఈ లోహంతోనే చేస్తారు. ఫీడ్ మరీ తగ్గితే పనిముట్టు దానిని కోయక రాపిడి చేస్తుంది. రాపిడికి పైపొర గట్టిపడుతుంది. తర్వాతి కోతలో ఆ గట్టి పొర తగిలి ఇన్‌సర్ట్ పోతుంది. జాగ్రత్త కోసం తిప్పిన నాబ్ చివరికి నష్టమే తెచ్చిపెడుతుంది.

పిండి కొద్దీ రొట్టె

ఈ లెక్కలన్నీ యంత్రం ముందు నిలబడి నోటితో కట్టడం ఎవరికీ సాధ్యం కాదు. టేలర్ కాలంలో ఆయన సహచరుడు కార్ల్ బార్త్ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక స్లైడ్ రూలు తయారుచేశాడు. ఆ పనినే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తున్నది. లోహం రకం, దాని గట్టిదనం, పనిముట్టు వ్యాసం, పళ్ళ సంఖ్య, అది హోల్డర్ నుంచి ఎంత బయటకు ఉంది, యంత్రం శక్తి ఎంత అన్న వివరాలు ఇస్తే తగిన వేగం, ఫీడ్ చెబుతుంది. పనిముట్టు తయారీదారు శాండ్విక్ కోరోమాంట్ వంటి కంపెనీలు తమ టూల్ గైడ్‌ను ఉచితంగానే అందిస్తున్నాయి. వెరికట్ వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామును వరుస వరుసా చదివి, లోహం తక్కువ తగిలే చోట ఫీడ్ పెంచి, మూల మలుపుల్లో తగ్గించి తిరిగి రాసిస్తుంది.

కంటికి కనిపించని విషయాలను కూడా ఇది పట్టుకుంటుంది. 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్లుతో పక్కనుంచి ఒక్క మిల్లీమీటరే కోస్తున్నప్పుడు పంటికి 0.05 మిల్లీమీటర్ల ఫీడ్ ఇచ్చినా, నిజానికి లేచే చిప్ మందం 0.03 మాత్రమే. ప్రోగ్రామర్ తాను సరిగ్గానే ఇచ్చాననుకుంటాడు. అంచు మాత్రం రాపిడితో అరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను లెక్కించి ఫీడ్ సరిచేస్తుంది.

అలాగని కంప్యూటర్ చెప్పిందే వేదమనుకోవడం కూడా పొరపాటు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, ఇచ్చిన వివరాలను బట్టే జవాబు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న యంత్రం స్పిండిల్ ఎంత అరిగిందో, కూలెంట్‌లో ఎంత నీళ్ళు కలిపారో, బజారులో కొన్న కడ్డీ అసలు గ్రేడ్ ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కోతలో వచ్చే గీర శబ్దం, చిప్ రంగు, జాబ్ మీద పడే అలలు చూసి లోపం పసిగట్టేది ఆపరేటరే. ఆ అనుభవం అతడి తలలోనే ఉండిపోయి, అతడు మరో షెడ్డుకు వెళ్ళిన రోజున అతడితోపాటే పోతున్నది. ప్రతి యంత్రం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, లోహం, ఇన్‌సర్ట్, వేగం, ఫీడ్, ఒక అంచుకు ఎన్ని జాబులు వచ్చాయన్నది రాయిస్తే చాలు. ఆ అంకెలతో సరిచూసుకున్నప్పుడే సాఫ్ట్‌వేర్ ఆ షెడ్డుకు పనికివస్తుంది. ఇల్లు అలకగానే పండుగ కాదు. లైసెన్సు కొని గోడకు సర్టిఫికెట్ తగిలించినంత మాత్రాన సైకిల్ టైం తగ్గదు.

మిగులు ఎవరికి?

ఇక కార్మికుల అనుమానం ఒకటి ఉంది. వేగం పెరిగితే మనుషులను తగ్గిస్తారనీ, రెండు యంత్రాలు ఒక్కడికే అప్పగిస్తారనీ వారి భయం. యజమానులకూ వేరొక భయం ఉంది. సైకిల్ టైం తగ్గిందని తెలిసిన మరుక్షణం ఆర్డరు ఇచ్చే పెద్ద కంపెనీ రేటు కోస్తుంది. ఈ రెండు భయాలూ కొట్టిపారేయదగినవి కావు. ఆదా అయిన గంటల్లో కొంత ఫలం ఆపరేటర్‌కు ప్రోత్సాహకంగా అందాలి. పద్ధతి ప్రకారం చేసిన పరీక్షలో ఇన్‌సర్ట్ విరిగితే ఆ ఖర్చు షెడ్డుదే కావాలి, జీతంలో కోయరాదు. ఆపైన పెద్ద కంపెనీలు కూడా, చిన్న యూనిట్ తన శ్రమతో మిగుల్చుకున్న నిమిషాలను వెంటనే లాక్కోకుండా, ఆర్డరు కాలం ముగిసేవరకైనా రేటు నిలపడం న్యాయం.

శిక్షణ విషయంలో ప్రభుత్వ బాధ్యత ఉంది. 1968లో ఏర్పడిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ బాలానగర్‌లో ఉంది. ఆ సంస్థ పనితనానికి పేరున్నది. కాని కీసర, చర్లపల్లి వైపు షిఫ్టు ముగించుకున్న కార్మికుడు నగరం ఆ చివరకు వెళ్ళి పాఠం విని రావడం జరిగే పని కాదు. పారిశ్రామికవాడల్లోనే సాయంత్రం వేళ కొద్ది వారాల కోర్సులు నడపాలి. యంత్రం తెర మీద ఇంగ్లీషు చదవలేనివారు, ఉత్తరాది నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు గనుక తెలుగు, హిందీ భాషల్లో పుస్తకాలు ఉండాలి. వృథా తగ్గించుకునే చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2023 మార్చిలో లీన్ పథకాన్ని ప్రారంభించింది. అటువంటి పథకాల గురించి జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు షెడ్డు షెడ్డుకూ వెళ్ళి చెప్పాలి.

కొత్త యంత్రానికి లక్షలు అప్పు తెచ్చే యజమాని, ఉన్న యంత్రం చేత పూర్తి పని చేయించుకోలేకపోవడం విచారకరం. ఒక నోటు పుస్తకం, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్, భయం లేకుండా పరీక్షించే స్వేచ్ఛ — ముందుగా కావలసినవి ఇవే. వీటికి బ్యాంకు అప్పు అక్కరలేదు. యజమానుల సంఘాలు, శిక్షణ సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటే ఈ పనికి ఈ ఏడే శ్రీకారం చుట్టవచ్చు.