తడిసిన రాశి - పెంచిన అనుభవం

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి పైకి కనిపించే తెల్లదనాన్ని చూసి ధర చెప్పడు. కుప్పలోనికి చేయి పెట్టి గుప్పెడు పత్తి తీసి, తేమను, పింజ పొడవును పరిశీలిస్తాడు. మహాప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గుర్తించిన వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. వానకు తడవడం ఆ విక్రేత దోషం కాదు. తడిని లోపల దాచడమే దోషం.

నేడు మన ఇళ్లలో ఇదే పరీక్ష మరో రూపంలో ఎదురవుతున్నది. హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సు ముగించిన కుమారుడు ఫోన్ చేసి, "అబ్బా, మూడేళ్ల అనుభవం ఉన్నట్లు పత్రాలిస్తారట, డబ్బు పంపండి" అంటాడు. అప్పుచేసి చదివించిన తండ్రికి కాదనడం కష్టమే. కానీ ఏ సంస్థ ఎన్ని నెలలు ప్రావిడెంట్ ఫండ్ జమచేసిందో యూఏఎన్ ఖాతాలో తెలిసిపోతుంది. అది బయటపడకపోయినా, నిజాయితీగా దరఖాస్తు చేసిన మరొకరి అవకాశం మన బిడ్డ చేతికి వచ్చినట్లే కదా!

అసలు సీనియర్ ఎవరు? ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో సమాధానం దొరుకుతుంది. కండెలు చుట్టడం నేర్చినవాడు నేతగాడు కాడు. పోగు తెగినచోట ముడి కనబడకుండా అతికి, పక్కవానికి నేర్పగలిగినవాడే పనివాడు. ప్రోగ్రామర్ విషయమూ అంతే. ఇతరులు రాసిన కోడ్‌ను చదివి లోపం పట్టగలడా? తన మార్పు వల్ల ఇంకేమి చెడుతుందో ముందే ఊహించగలడా? పనికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పి, కొత్తవారికి దారి చూపగలడా? సంవత్సరాలు వీటికి తోడ్పడతాయే గాని, వీటికి బదులు కాజాలవు.

కనుక బయోడేటాలో మూడు వరుసలు వేరుచేసి రాయడం మేలు: స్వయంగా చేసినవి, ఇతరుల సహాయంతో చేసినవి, ఇప్పుడు నేర్చుకుంటున్నవి. శిక్షణలో చేసిన ప్రాజెక్టును శిక్షణ ప్రాజెక్టు అనే రాయాలి. చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఖాళీ ఉంటే కారణం చెప్పాలి. అలాగని ఉన్న నేర్పును తగ్గించి చెప్పుకోవలసిన అవసరమూ లేదు. ముఖ్యంగా మన ఆడపిల్లలు చేసిన పనిని సైతం బిడియంతో దాచుకుంటున్నారు; అదీ సరికాదు.

తల్లిదండ్రులారా! "ఎంత జీతం?" అని అడిగే ముందు "ఏమి చేయగలవు?" అని అడుగుదాం. ఉద్యోగం కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. అయినా ఆ మొదటి జీతంతో ఇంటికి వచ్చే బియ్యం నిస్సంకోచంగా తినగలిగినవై ఉంటాయి.