క్షయ క్రిమి కవచంలోనే మన మందుకు దారి

క్షయ నిర్మూలనకు మన దేశం 2025ను గడువుగా పెట్టుకుంది. 2015తో పోలిస్తే కొత్త కేసుల రేటును 80 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024 నాటికి 187కు వచ్చాయి. అంటే తగ్గింది 21 శాతమే. పోషకాహార లోపం, మధుమేహం, పొగతాగడం వంటి కారణాలకు మందులకు లొంగని క్షయ కూడా తోడైంది. ఈ మొండితనం వెనుక ఒక ఎంజైము కథ ఉంది.

క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగేస్తుంది. లోపల సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలతో దాడి చేస్తుంది. బ్యాక్టీరియాకు శక్తినిచ్చే కొన్ని ఎంజైముల నడిబొడ్డున ఇనుము, గంధకం కలిసిన చిన్న గుచ్ఛం ఉంటుంది. ఈ దాడిలో ఆ గుచ్ఛం చెదిరి ఇనుము ఊడిపోతుంది. ఎంజైము పని ఆగిపోతుంది. ఊడిన ఇనుము పెరాక్సైడ్‌తో కలిస్తే మరింత ప్రమాదకరమైన రాడికల్ పుట్టి డీఎన్ఏనూ దెబ్బతీస్తుంది. ఇదే ఆక్సీకరణ ఒత్తిడి.

దీన్ని తట్టుకునేందుకు క్షయ క్రిమి 'క్యాట్-జి' అనే ఎంజైమును వాడుతుంది. అది పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాయంపై పెరాక్సైడ్ పోస్తే నురగ రావడానికి కారణం ఇలాంటి ఎంజైమే. విశేషమేమిటంటే, మనం వాడే ఐసోనియాజిడ్ మాత్ర నేరుగా పనిచేయదు. క్రిమిలోని క్యాట్-జియే దాన్ని విషంగా మార్చాలి. అప్పుడే క్రిమి గోడ కట్టుకోవడం ఆగుతుంది.

క్యాట్-జి జన్యువులో చిన్న మార్పు వస్తే మందు మేల్కోదు. ఎక్కువగా కనిపించే మార్పులో చిక్కేమిటంటే, పెరాక్సైడ్‌ను విడగొట్టే శక్తి క్రిమికి చాలావరకు మిగిలే ఉంటుంది. కవచం ఉంటుంది, మందుకు తలుపు మాత్రం మూసుకుపోతుంది.

ఇలాంటి క్రిములు కోట్లలో కొన్ని సహజంగానే పుడతాయి. అందుకే ఒకేసారి నాలుగు మందులు ఇస్తాం. ఒకదానికి లొంగనిది మరొకదానికి చస్తుంది. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మాత్రలు ఆపినా, మధ్యమధ్య మానేసినా, మిగిలిన మొండి క్రిములే పెరుగుతాయి. అవే ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ సోకుతాయి.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించండి. క్షయ అని తేలితే ఐసోనియాజిడ్‌కు లొంగుతుందో లేదో కూడా పరీక్షించారా అని డాక్టరును అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. నలుగురికీ తెలుస్తుందన్న బిడియంతో చికిత్స మధ్యలో ఆపకండి. డాక్టరు ఆపమనే వరకు మాత్రలు వేసుకోవాల్సిందే.