వ్యాయామంలో శరీరమే తొలి గురువు

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట వినని విద్యార్థి లేడు. అయితే ఆ భాగ్యాన్ని సంపాదించే తొందరలో శరీరాన్నే శత్రువుగా భావించేవారు మనలో ఎందరో ఉన్నారు. నొప్పిని లెక్కచేయనివాడే వీరుడనీ, మధ్యలో ఆగినవాడు పిరికివాడనీ మైదానాలలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం ప్రమాదకరమైనదని మనవి చేయడమే ఈ వ్యాస ఉద్దేశం.

మన విద్యార్థులకు ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. తెలంగాణ పోలీసు నియామకాలకై 2022లో వెలువడిన ప్రకటనను అనుసరించి పురుషులు 1600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు నిర్ణీత సమయంలో పరుగెత్తవలసి వచ్చింది. సామాన్య కుటుంబాల యువతకు అటువంటి పరుగు ఒక ఉద్యోగం, ఒక ఇంటి ఆశ. మూడు సంవత్సరాలు పుస్తకాల ముందు కూర్చున్న యువకుడు ప్రకటన వెలువడిన మరునాడే మైదానానికి పోయి, సంవత్సరపు సాధనను నెల రోజులలో ముగించాలని చూస్తాడు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే శ్రమకు కొంత అలవాటు పడతాయి. ఎముకలు, వాటిని కండరాలతో బంధించే స్నాయువులు అంత త్వరగా బలపడవు. అందువల్ల ఊపిరి సహకరిస్తున్నప్పటికీ మోకాలి కింద, ముందువైపు ఎముకలో నొప్పి మొదలవుతుంది. దానిని పళ్ళ బిగువున ఓర్చుకొని పరుగెత్తితే ఎముకలో సన్నని పగులు ఏర్పడవచ్చు. అప్పుడు పోయేది ఒకనాటి సాధన కాదు, ఆ ఏటి అవకాశమే.

శరీరం మాట వినడమంటే సోమరితనానికి సాకు వెతకడం కాదా అని కొందరు పెద్దలు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని అలసట వేరు, హెచ్చరిక వేరు. కొత్త వ్యాయామం చేసిన తరువాత ఒకటి రెండు రోజులు కండరాలు బరువెక్కి నొప్పి పుట్టడం సహజం. దానికి భయపడి మంచమెక్కనవసరం లేదు. ఒకేచోట సూదితో పొడిచినట్లుండే నొప్పి, కీలులో వాపు, అడుగడుగునా పెరిగే బాధ మాత్రం ఆగుమని చెప్పే సూచనలు. ఛాతీ పట్టివేసినట్లుండడం, పరుగు మధ్యలో స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వైద్యునికి చూపించుకోకుండా తిరిగి మైదానంలో అడుగు పెట్టరాదు. ఎండలో శ్రమించేవాని తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, శరీరాన్ని చల్లని నీటితో తడుపుతూ ఆసుపత్రికి తరలించాలి. ఈ తేడా తెలిసిన విద్యార్థి సోమరి కాడు. ఇంకా చేయగలిగిన శక్తి ఉన్నదని శరీరం చెప్పినప్పుడు కూడా అతడు ఆ మాట వింటాడు.

ఈ వినికిడి అభ్యాసం వల్లనే అలవడుతుంది. స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960ల దశకంలో 6 నుండి 20 వరకు అంకెలు గల ఒక కొలమానాన్ని రూపొందించాడు. వ్యాయామం చేసేవాడు తన శ్రమ ఏ మేరకు ఉన్నదో తానే ఒక అంకెతో చెప్పాలి. ఆ అంకెను పదితో హెచ్చవేస్తే యువకుల విషయంలో నిమిషానికి గుండె కొట్టుకునే లెక్కకు ఇంచుమించు దగ్గరగా వస్తుంది. అంతకంటె సులువైన పరీక్ష కూడా ఉన్నది. శ్రమిస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థమైన శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది తీవ్రమైన శ్రమ. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మన హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా జీవితం ఈ సందర్భంలో గమనింపదగినది. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో మణికట్టు గాయం వల్ల ఆమె సింగిల్స్ పోటీ మధ్యలోనే విరమించుకోవలసి వచ్చింది. గాయాలు, శస్త్రచికిత్సల అనంతరం 2013లో సింగిల్స్ ఆటను పూర్తిగా విడిచి డబుల్స్‌కు పరిమితమైంది. 2015లో ఆ విభాగంలో ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకొన్నది. శరీరం ఒక దారి మూసినప్పుడు మరొక దారి పట్టడం ఓటమి కాదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి ఆడుకునే మన మైదానంలో మరొక విషయం కూడా ఆలోచింపదగినది. రంజాన్ మాసంలో ఉపవాసమున్న విద్యార్థి దాహమైనా నీరు తాగడు. అతనిని మధ్యాహ్నపు ఎండలో పరుగెత్తించడం న్యాయం కాదు. రోగులకూ, ప్రయాణంలో ఉన్నవారికీ ఆ దినాల ఉపవాసాన్ని తరువాత పూర్తి చేసుకొనే వెసులుబాటును ఖురాన్ ఇచ్చింది. ఆరాధనలోనే దేహస్థితికి ఇంత గౌరవం ఉండగా, ఆటల పోటీలో ఆ గౌరవం ఎందుకు లోపించాలి?

కనుక కళాశాల సంఘం వారికి కొన్ని విన్నపాలు. క్రీడోత్సవపు పరుగు పందేలను ఉదయపు చల్లని వేళలోనే నిర్వహించాలి. రంజాన్ మాసంలో ఎంపిక పోటీలు పెట్టరాదు. మైదానంలో తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె తప్పక ఉండాలి. ఉద్యోగపు పరుగులకు సిద్ధపడేవారికి విద్యా సంవత్సరం ఆరంభం నుండే క్రమక్రమంగా పెరిగే శిక్షణ ఇవ్వాలి. విద్యార్థినులు తమ ఇబ్బందులను సంకోచం లేకుండా చెప్పుకోవడానికి ఒక అధ్యాపకురాలిని నియమించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, “నాకు బాగులేదు” అన్న విద్యార్థిని పదిమందిలో ఎగతాళి చేసే అలవాటు మానాలి. ఆ ఎగతాళికి వెరచి నోరు మూసుకొన్నవాడే చివరకు మైదానంలో కూలిపోతాడు.

విద్యార్థి మిత్రులారా! గెలిచిన కప్పు కళాశాల అద్దాల బీరువాలో ఉండిపోతుంది. మోకాళ్ళు మాత్రం వృద్ధాప్యం దాకా మనతోనే నడవవలసి ఉన్నవి. అవి చెప్పే మాటను ఇప్పటినుండే విందాము.